పలాస బస్సులో తండేల్, మా ఫోన్లో కందికొత్త



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు కొత్త సినిమా లింకు పెట్టాడు. పది నిమిషాల్లో అడ్మిన్ అన్న తీసేశారు. ఆ తర్వాత రెండు రోజులు దాని మీదే గొడవ. పేదోడు ఫోన్లో సినిమా చూస్తే తప్పేటి అని కొందరు, దొంగతనం దొంగతనమే అని కొందరు. నాకు అప్పుడు ఇంటర్నల్ పరీక్షలు, ఏమీ రాయలేదు. దాచకుండా చెప్తున్నాను, ఆ లింకు తీసేలోపే నేనూ ఓపెన్ చేశాను. కాబట్టి నీతులు చెప్పే మొహం నాకు లేదు. అయినా నాకు తోచింది రాస్తాను. కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

పూర్తి సినిమాలు యూట్యూబ్ లాంటి చోట ఉచితంగా ఉండాలన్నదే నా మాట. కానీ పెట్టేవాళ్లు ఆ సినిమా హక్కున్నవాళ్లే అయి ఉండాలి. ఈ రెండో మాట నేను మొదట్నుంచీ అనేదాన్ని కాదు. ఎలా మారానో కింద రాస్తాను.

మా ఊరు మందస కొండ మీద. చిన్నప్పుడు సినిమా అంటే మా చిన్నాయన ఫోన్లో మెమరీ కార్డే. సంతకి దిగినప్పుడు సెల్ షాపులో ఇరవై రూపాయలిస్తే కార్డు నిండా సినిమాలు ఎక్కించి ఇచ్చేవారు. హాల్లో ఎవడో కెమెరా పెట్టి తీసినవి అవి. మధ్యలో ఎవడో లేచి నడిచినట్టు నీడ పడేది, జనం ఈలలు వినపడేవి. ఆ ఈలలు కూడా సినిమాలోవే అనుకునేదాన్ని. దొంగ కాపీ అనే మాట ఒకటుందని నాకు ఇంటర్లో తెలిసింది.

ఇప్పుడు టెక్కలిలో డిగ్రీ. హాలు ఉన్న ఊర్లోనే ఉన్నాను కదా, వెళ్లొచ్చు కదా అంటారు. మా అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికి వేసేస్తారు. మ్యాట్నీకి వెళ్దామంటే క్లాసులు. ఆదివారం ముగ్గురం కలిసి వెళ్దామన్నా టికెట్లు, ఆటో, ఇంటర్వెల్లో తినేది కలిపితే ఐదారు వందలు. మా అమ్మ పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆ డబ్బు తీసుకెళ్లి రెండున్నర గంటల్లో ఖర్చు పెట్టేయడానికి నాకు చెయ్యి రాదు. టికెట్టు రేటు తగ్గిస్తే చాలు అనేవాళ్లకి ఒకటి గుర్తు చేస్తాను. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ఇచ్చిన 35వ జీవోలో, పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అడుగు టికెట్టు 5 రూపాయలే. ఆ తర్వాతి ఏడాది మార్చారనుకోండి. ఆ 5 రూపాయల టికెట్టు ఉన్న రోజుల్లో కూడా మా కొండ మీంచి ఎవరూ దిగి సినిమాకి వెళ్లలేదు. టికెట్టు 5 రూపాయలైనా ఆటో ఖర్చు ఆటో ఖర్చే కదా. రాత్రి తిరిగి కొండెక్కేదెలా?

ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మా మామ్మకి తెలుగు సగమే అర్థమవుతుంది. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు యూట్యూబ్‌లో మాయాబజార్ పెట్టాను. వాటర్ ట్యాంకు పక్కన అరుగు మీద అయితేనే సిగ్నల్ వస్తుంది, అందుకని అందరం అక్కడ చేరాం. నేను రెండు నిమిషాలకోసారి ఆపి సవరలో చెప్పేదాన్ని. వాడు మంత్రగాడు, ఆ పిల్ల నిజం పిల్ల కాదు, మారువేషం అని. ఘటోత్కచుడి ముందు లడ్లు లేచి వాటంతట అవే నోట్లోకి వెళ్తుంటే మామ్మ పళ్లు లేని నోరు తెరిచి నవ్వింది, మళ్లీ వెనక్కి తిప్పించుకుంది. మూడు సార్లు. సినిమా అయ్యేసరికి నాలుగున్నర గంటలు పట్టింది, నా డేటా అయిపోతే తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. హాల్లో ఎవరైనా సినిమా ఆపి సవరలో చెప్పనిస్తారా? తెలుగు సగమే వచ్చిన ముసలోళ్లకి, చదువు లేనోళ్లకి ఫోనే సరైన హాలు. రెండు నిమిషాల ముక్కలు కాదు, పూర్తి సినిమా కావాలి అనేది అందుకే. కథ మొదట్నుంచీ చివరిదాకా ఉంటేనే కదా ఒకరికి చెప్పగలం.

ఇది ఒక పక్క. రెండో పక్క మన జిల్లాలోనే జరిగింది.

2025 ఫిబ్రవరి 7న తండేల్ వచ్చింది. మన శ్రీకాకుళం మత్స్యకారుల కథ. గుజరాత్ వేరావల్‌కి బోట్ల మీద పనికి పోయి, 2018లో పాకిస్తాన్ వాళ్లకి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చినవాళ్ల కథ. వారం తిరక్కముందే ఆ సినిమా దొంగ కాపీని పలాస నుంచి విజయవాడ వెళ్లే ఆర్టీసీ బస్సులో వేశారు. నిర్మాత బన్నీ వాసు బస్సు నంబరుతో సహా బయటపెట్టారు, ఆర్టీసీ చైర్మన్ విచారణ చేయమన్నారు. ఎక్కడి నుంచి బయల్దేరిన బస్సో చూడండి. మన పలాస. ఆ బస్సులో కూర్చున్నవాళ్లలో పని కోసం విజయవాడ, హైదరాబాద్ పోయే ఉద్దానం వాళ్లు ఉండే ఉంటారు. వలస పోయేవాళ్ల కథ, వలస పోయే బస్సులో, దొంగ కాపీ. ఆ రోజు వార్త చదివి నేను నవ్వాను. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

పలాస 1978 సంగతి ఇంకోలా అయింది. 2020 మార్చి 6న హాళ్లకి వచ్చింది, నెల తిరక్కుండానే కరోనాతో హాళ్లన్నీ మూసేశారు. మన ఊరి పేరు మీద, మన యాసతో వచ్చిన సినిమా. కానీ అందులోని నక్కిలీసు గొలుసు పాట చేరినంత దూరం సినిమా చేరలేదు. పాట ఫోన్లో ఉచితం కాబట్టి కొండ మీద పెళ్లిలో కూడా మోగింది. సినిమా చూశావా అంటే మాత్రం, చూడనేదు అంటారు.

సినిమా తీసినోళ్లు ఉచితంగా పెడితే నష్టపోరా అని నా రూమ్మేట్ అడిగింది. మంచి ప్రశ్నే. వోల్గా వీడియో, షాలిమార్ లాంటి కంపెనీలు ఎన్నో ఏళ్లుగా పూర్తి తెలుగు సినిమాలు యూట్యూబ్‌లో పెడుతున్నాయి. మధ్యలో వచ్చే ప్రకటనల డబ్బు వాళ్లకి వెళ్తుంది. వేరేవాడు అదే సినిమా పెడితే కంటెంట్ ఐడీ అనే పద్ధతి పట్టుకుంటుంది. హక్కున్నవాళ్లు దాన్ని ఆపించొచ్చు, లేకపోతే ఉంచి ఆ ప్రకటనల డబ్బు తమకి మళ్లించుకోవచ్చు. అల్లు అర్జున్ సరైనోడు హిందీ డబ్బింగ్‌ని గోల్డ్‌మైన్స్ వాళ్లు ఉచితంగా పెడితే కోట్ల మంది చూశారు, హిందీ వాళ్లకి ఆయన తెలిసింది అలాంటి వాటితోనే. అయితే విడుదలైన రోజే ఉచితంగా పెట్టమని నేను అనట్లేదు. హాల్లో ఆడనివ్వండి, ఓటీటీకి అమ్ముకోనివ్వండి. కొన్నాళ్లకి మా దాకా రానివ్వండి. చట్టం లెక్కన సినిమా మీద హక్కు 60 ఏళ్లు. 1957 నాటి మాయాబజార్‌కి అది 2017తో అయిపోయింది. తండేల్ కోసం నేను అన్నేళ్లు ఆగితే అప్పటికి నాకే ఎవరో ఆపి ఆపి చెప్పాలి.

మధ్య దారి కూడా ఉంది. ఆమిర్ ఖాన్ సితారే జమీన్ పర్ 2025 జూన్‌లో హాళ్లకి వచ్చింది. ఆగస్టు 1న ఏ ఓటీటీకీ ఇవ్వకుండా యూట్యూబ్‌లో 100 రూపాయలకి పెట్టారు. మా అరుగు మీద ఇరవై మంది కూర్చుంటే మనిషికి 5 రూపాయలు. జీవోలో రాసిన 5 రూపాయల టికెట్టు నిజంగా మాకు అందేది ఇలాగే.

ఇంక దొంగ సైట్లు. 2025 నవంబరులో ఐబొమ్మ నడిపాడని ఒకతన్ని హైదరాబాద్ పోలీసులు పట్టుకుంటే, మనోళ్లు చాలామంది అతన్ని పేదల దేవుడు అన్నారు. నేనూ ఆ పోస్టులకి లైకులు కొట్టాను. కానీ అలాంటి సైట్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు చూశారా? మా క్లాస్‌లో ఒకబ్బాయి అలాంటి ప్రకటన నొక్కే మొదలుపెట్టాడు, ఫీజు డబ్బులు పోయాయి. ఉచితం అనుకున్న సినిమాకి వాడు కట్టింది ఏ హాలు టికెట్టు కన్నా ఎక్కువ. పైగా 2023లో సినిమాటోగ్రఫీ చట్టం మార్చారు. హాల్లో రికార్డు చేసినా, దొంగ కాపీ జనానికి వేసినా తక్కువలో తక్కువ మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా. ఆ లింకు పెట్టిన తమ్ముడికి ఈ సంగతి తెలిసి ఉండదు. నేను కోపంతో చెప్పట్లేదు తమ్ముడూ.

నేను మారింది మాత్రం జైలు భయంతో కాదు. పోయినేడాది మా ఊళ్లో కందికొత్త పండగకి మా బావ రోజంతా ఫోన్‌తో తీశాడు. డప్పులు, ఆట, ముసలోళ్లు సవరలో చెప్పిన మాటలు, గంటన్నర వీడియో. నేను కింద తెలుగులో అక్షరాలు వేశాను, రెండు వారాలు కూర్చుని. యూట్యూబ్‌లో పెట్టాం. నెలలోపే వేరే ఛానల్ వాడెవడో అదే దించుకుని, మా బావ పేరు చెరిపేసి, మా ఊరి పేరు కూడా తప్పు రాసి పెట్టుకున్నాడు. వాడికి లక్షల వ్యూస్, మాకు మూడు వందలు. కింద ఎవరో "అడవి మనుషుల డ్యాన్స్" అని రాశారు. మా బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. వాడిని తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు నా ఫోన్లో సగం డౌన్‌లోడ్ అయిన సినిమా ఒకటి ఉంది, అది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సినిమావాళ్లకి కూడా ఒక మాట ఉంది. నక్కిలీసు గొలుసు లాంటివి ఉత్తరాంధ్ర జానపదం నుంచి వచ్చిన పాటలు. చట్టంలో జానపదానికి యజమాని ఉండడు, ఎవరైనా తీసుకోవచ్చు. నాట్లు వేస్తూ, కూలి చేస్తూ ఆ పాటలు నిలబెట్టిన ఆడోళ్ల పేర్లు ఏ పోస్టర్ మీదా లేవు. మన పాట మీకు ఉచితంగా వచ్చింది కదా, మీ సినిమా కొన్నాళ్లకైనా మాకు ఉచితంగా ఇస్తే ఏటి పోయింది?

అడ్మిన్ అన్నకి ఒక విన్నపం. లింకులు తీసేయడంతో ఆపకండి. సొంతదారులే యూట్యూబ్‌లో పెట్టిన పూర్తి సినిమాల పేర్లు వారానికి రెండు మనమే వెతికి ఇక్కడ పెడదాం. మొదటి వారం నేను చేస్తాను, పరీక్షలు అయిపోయాయి. ఆ దొంగ ఛానల్ మీద ఫిర్యాదు ఫారం నింపడానికి మా బావకి సాయం కావాలి. అది ఇంగ్లీషులో ఉంది, ఒరిజినల్ ఫైల్ మా దగ్గరే ఉంది. ఎవరికైనా ముందు చేసిన అనుభవం ఉంటే కామెంట్‌లో చెప్పండి. రాత్రి తొమ్మిది తర్వాత అయితే నేను చూస్తాను, అప్పటిదాకా ఫోన్లు వార్డెన్ మేడమ్ దగ్గర ఉంటాయి.