దుఆ చేద్దాం, డాక్టరుకూ చూపిద్దాం

జుమా నమాజు ముగిశాక మస్జిదు మెట్ల దగ్గర మేము తరచూ వినే మాట ఒకటుంది. "మౌల్వీసాబ్, మా ఇంట్లో ఆరోగ్యం బాగా లేదు, దుఆ చెయ్యండి." తప్పకుండా చేస్తాము. కాని ఈమధ్య మేమూ ఒక మాట అడుగుతున్నాము: "డాక్టరుకు చూపించారా?" "ఊళ్లో సూది వేయించాం, ఖమ్మం పోదామంటే తనే వద్దంటోంది" అన్నదే చాలామంది జవాబు.

ముదిగొండ నుంచి ఖమ్మం ఎంతో దూరం కాదు. అయినా ఆ కాస్త దూరానికి కొన్ని ఇళ్లలో నెలలు పడుతున్నాయి. మిర్చి కోతలయ్యాక, అమ్మాయి షాదీ అయ్యాక, రంజాన్ వెళ్లాక అంటూ వాయిదా వేస్తారు. మేమెరిగిన ఒక తల్లి రొమ్ములో గడ్డను ఏడాదిపాటు దాచింది. నొప్పి లేదు గనుక జబ్బే కాదనుకుంది. చెప్పేనాటికి జబ్బు ముదిరిపోయింది.

తవక్కుల్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడితే దైవప్రవక్త (సఅసం) స్వయంగా పరామర్శకు వెళ్లారు. ఛాతీపై చెయ్యి ఉంచి, అది గుండె బాధ అని చెప్పి, సఖీఫ్ తెగ వైద్యుడు హారిస్ బిన్ కల్దా దగ్గరకు వెళ్లమన్నారని అబూదావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. ఆ చెయ్యి తగిలిన రోగినే వైద్యుని దగ్గరకు పంపినప్పుడు, మన తావీజు చాలుననుకోవడం ఏ పాటి వివేకం?

ప్రతి జలుబుకూ హైదరాబాదు పరుగెత్తమని మేమనడం లేదు. ముందు దగ్గరలోని ఎంబీబీఎస్ డాక్టరుకు చూపించాలి. గడ్డ, మానని నోటిపుండు, రెండు వారాలు దాటిన దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, ముట్లుడిగాక రక్తస్రావం ఉంటే మాత్రం పెద్ద డాక్టరు దగ్గరకు పంపమని మనమే అడగాలి. హఠాత్తుగా ఛాతీనొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా ఇక ఆలోచన వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

వెళ్లేముందు ఒక సంచి సిద్ధం చేసుకోండి. పాత చీటీలు, పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు తేదీల వరుసన పెట్టండి. వాడుతున్న మందులన్నీ, హకీం ఇచ్చినవి సహా, వెంట తీసుకెళ్లండి. వాటిని దాచితే నష్టం మనకే. బాధ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతోంది అన్నది పిల్లలచేత రాయించండి. జబ్బేమిటి, వైద్యం చేయించకపోతే ఏమవుతుంది, ఖర్చెంత అని జంకకుండా అడగండి. మాటలు గుర్తుపెట్టుకునే మనిషిని తోడు తీసుకెళ్లండి.

స్త్రీలకు లేడీ డాక్టరు దొరికితే మంచిదే. దొరకనప్పుడు అవసరం మేరకు పురుష వైద్యునికి చూపించడాన్ని మన ఫుఖహా అనుమతించారు. పరదా పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోమని షరీయతు ఎక్కడా చెప్పలేదు.

డబ్బు భయం నిజమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్, ఆధార్ కార్డులు తీసుకెళ్లి, అప్పు చేయకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. క్యాన్సరుకైతే హైదరాబాదులో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

ఈ రోజు నమాజు నుంచి ఇంటికెళ్లాక అమ్మీని, భార్యను, ఆపాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "నువ్వు చెప్పకుండా దాచుకున్న బాధ ఏదైనా ఉందా?" జవాబు ఓపిగ్గా వినండి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. ఆయన చూపిన దారిలో బస్సెక్కవలసింది మనం.