ముందు ఎడమ చెయ్యి

పియానో కొత్తగా నేర్చుకోవాలని వచ్చిన మనిషి తనకు బూగీ వూగీ వాయించాలని ఉందని చెబితే చాలామంది గురువులు ఇచ్చే జవాబు ఒకటే. ముందు స్కేల్స్ రావాలి, నొటేషన్ చదవడం రావాలి, నాలుగైదు గ్రేడ్లు దాటాలి, తర్వాత చూద్దాం అంటారు. బూగీ వూగీ ఒక సరదా అనీ, అసలు చదువు అయ్యాక దొరికే బహుమానమనీ ఒక నమ్మకం ఈ జవాబు వెనక ఉంది. ఆ నమ్మకం తప్పని నా వాదన. జీవితంలో మొదటిసారి పియానో ముందు కూర్చున్నవాళ్లకు, అందులోనూ ముప్ఫై నలభై ఏళ్లు దాటాక కూర్చున్నవాళ్లకు, బూగీ వూగీయే తొలి పాఠం కాగలదు. అయితే ఒక షరతు ఉంది. దాన్ని కుడిచేతి హంగులతో కాకుండా ఎడమచేతి నడకతో మొదలుపెట్టాలి. నిదానంగా, చెవిని నమ్ముకుని మొదలుపెట్టాలి. మన దగ్గర చాలామందికి ఈ పేరు 1996లో సోనీ టీవీలో మొదలైన డాన్స్ పోటీల కార్యక్రమంగానే గుర్తు. ఇక్కడ మాట్లాడుతున్నది అంతకు వందేళ్ల ముందే పుట్టిన పియానో బాణీ గురించి.

ఆ షరతుకు కారణం ఈ బాణీ పుట్టుకలోనే ఉంది. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని తూర్పు టెక్సస్, లూసియానా పైన్ అడవుల్లో కలప శిబిరాలు, టర్పెంటైన్ శిబిరాలు ఉండేవి. వాటి మధ్య రైలు పట్టాలు పడుతుండేవి. పగలంతా చెట్లు కొట్టి, పట్టాలు మోసిన నల్లజాతి కార్మికులు రాత్రిళ్లు చేరే మద్యశాలలను బారెల్‌హౌస్‌లు అనేవారు. అక్కడ తరచుగా ఉండేది ఒక పియానో, దాన్ని వాయించే ఒక్క మనిషి. డ్రమ్స్ వాయించేవాడు లేడు, బాస్ వాయించేవాడు లేడు. చిందులేసే జనానికి మాత్రం దరువు కావాలి. ఆ భారమంతా ఎడమచేతి మీద పడింది. 1928 డిసెంబర్ 29న షికాగోలో పైన్‌టాప్ స్మిత్ ఇచ్చిన రికార్డుతో బూగీ వూగీ అనే పేరు జనంలోకి వెళ్లింది. అందులో ఆయన వాయిస్తూనే, ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో డాన్స్ చేసేవాళ్లకు చెబుతుంటాడు. మూడు నెలలు తిరక్కుండానే, 24 ఏళ్ల వయసులో, ఒక డాన్స్ హాల్లో తుపాకి గుండు తగిలి చనిపోయాడు. ఆయన వదిలి వెళ్లిన ఆ కొద్ది నిమిషాల వాయిద్యం వింటే ఎవరికైనా అర్థమయ్యేది ఒకటుంది: ఎడమచెయ్యి కుడిచేతికి తోడుగా రావడం లేదు, కుడిచేతిని మోస్తోంది.

ఇక దీని కట్టడం సంగతి. కర్ణాటక సంగీతం కాస్త పరిచయమున్న తెలుగువాళ్లకు ఇది తేలిగ్గానే బోధపడుతుంది. 'సి' మెట్టును షడ్జమం అనుకుంటే, షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా నిలిచే మూడు కార్డ్‌లతో (ఒకేసారి పలికే స్వరాల గుత్తులతో) మొత్తం పని జరిగిపోతుంది. ఒక చుట్టుకు 12 బార్లు, అంటే 12 సమానమైన తాళ ఖండాలు. మొదటి నాలుగు షడ్జమం మీద, తర్వాత రెండు మధ్యమం మీద, మళ్లీ రెండు షడ్జమం మీద నడుస్తాయి. ఆపైన పంచమం మీద ఒకటి, మధ్యమం మీద ఒకటి, చివరి రెండూ షడ్జమం మీద. అక్కణ్నుంచి మళ్లీ మొదటికి. ఒక్కో బారులో ఎడమచెయ్యి, తాళపు దెబ్బకు రెండు చొప్పున, ఎనిమిది దెబ్బలు వేస్తుంది. అలవాటు చేసుకోవడానికి అన్నిటికంటే అనువైన వరస స గ ప ద ని ద ప గ. గాంధారం అంతరం, ధైవతం చతుశ్శ్రుతి, నిషాదం కైశికి. అన్నీ హరికాంభోజిలో వినే స్వరస్థానాలే. మధ్యమం కార్డ్ వచ్చినప్పుడు ఇదే వరసను మధ్యమం నుంచి, పంచమం వచ్చినప్పుడు పంచమం నుంచి వాయిస్తే సరిపోతుంది. ఆ ఎనిమిది దెబ్బలూ సమానం కావు. ఒక్కో తాళపు దెబ్బను 'త కి ట' అని తిశ్రంగా మూడు చేసి, మధ్యలో 'కి'ని పలకకుండా వదిలేస్తే ఆ ఊగే నడక దానంతటదే వస్తుంది. కుడిచేతిలో వినిపించే ఆ ప్రత్యేకమైన వగరు కూడా ఎక్కువగా సాధారణ గాంధారాన్ని తాకీ తాకక అంతర గాంధారంలోకి జారడంలోనే ఉంది. కాగితం అక్కర్లేకుండా ఒక సాయంత్రం కూర్చుని ఎవరైనా దీన్నంతా బుర్రలో పెట్టుకోవచ్చు. మొదటి గ్రేడ్ పుస్తకంలోని చిన్న పాటకు కూడా ఇంతకంటే ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. బుర్ర మీద భారం తక్కువ, శరీరానికి పని ఎక్కువ. పెద్ద వయసులో మొదలుపెట్టినవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే.

ఈ బాణీని తీర్చిదిద్దినవాళ్లు పియానో దగ్గరికి ఏ దారిన వచ్చారో చూస్తే నా మాటకు బలం దొరుకుతుంది. 1938 డిసెంబర్ 23న న్యూయార్క్ కార్నెగీ హాల్లో జాన్ హామండ్ ఏర్పాటు చేసిన కచేరీలో ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్, పీట్ జాన్సన్ వాయించారు. ఆ కచేరీ విన్న ఆల్‌ఫ్రెడ్ లయన్ 1939 జనవరి 6న ఆమన్స్, లూయిస్‌లను స్టూడియోకి పిలిపించి రికార్డు చేయించాడు. ఆయన మొదలుపెట్టిన బ్లూ నోట్ రికార్డుల సంస్థ తొలి రికార్డులు అవే. ఈ ముగ్గురిలో పీట్ జాన్సన్ కాన్సస్ సిటీలో ముందు డ్రమ్మర్. ఆమన్స్ కుర్రతనంలో డ్రమ్ము, బ్యూగిల్ దళంలో దరువు వేసినవాడు. తన ఇంట్లో ఉన్న 'పియానోలా' అనే యంత్రపు పియానో తనంత తాను మోగుతుంటే, కిందికి దిగిన మెట్లను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని కార్డ్‌లు నేర్చుకున్నాడు. ఆయనా లూయిసూ షికాగోలో టాక్సీలు నడిపి బతికారు. వీళ్లందరికీ పెద్ద అయిన జిమ్మీ యాన్సీ చిన్నప్పుడు నాటక బృందాల్లో పాదాలతో తాళం వేసే ట్యాప్ డాన్సర్. ఆ తర్వాత ఏళ్ల తరబడి వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు మైదానం సంరక్షణ ఆయన ఉద్యోగం. ఆయన తొలి రికార్డులు 1939లో గానీ రాలేదు. ఒకరు డ్రమ్ముతో, ఒకరు దళంతో, ఒకరు పాదాలతో. లయ ఒంట్లోకి దిగాక మెట్ల మీద వేళ్లు పెట్టినవాళ్లు వీళ్లు. మనం మాత్రం ఈ వరసను తిరగేసి, ముందు స్వరాలు కాగితం మీద చూపించి, లయ తర్వాత అదే వస్తుందిలే అనుకుంటున్నాం.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం చాలా సమంజసమైనది. రెండు చేతులూ రెండు వేరు పనులు చేయడం పియానోలో అన్నిటికంటే కష్టం, అలాంటిదాన్ని మొదటి రోజే నెత్తిన పెడితే కొత్తవాళ్లు పారిపోరా అని. మొదటి రోజే రెండు చేతులూ కలపమంటే నిజంగానే పారిపోతారు. అందుకే వారాల తరబడి ఎడమచెయ్యి ఒక్కటే వాయించాలంటున్నాను. ఏ నైపుణ్యమైనా ముందు ఆలోచిస్తూ చేసే దశలో, ఆపైన తప్పులు సరిదిద్దుకునే దశలో ఉండి, చివరికి ఆలోచన అక్కర్లేని దశకు చేరుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫిట్స్, పోస్నర్ 1967లోనే రాశారు. ఎడమచెయ్యి ఆ మూడో దశకు చేరకుండా కుడిచేతిని కదిపితే రెండూ కూలిపోతాయి. చేరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఎడమచేతితో 12 బార్లు నడిపిస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. ఒక చుట్టుకు 96 దెబ్బలు, ఒక్కటీ జారకూడదు. అప్పుడు కుడిచేతితో బారుకు ఒక్క స్వరం, ఆ తర్వాత రెండు. మృదంగం నేర్చుకునే పిల్లవాడు త ది తొం నం అనే నాలుగు జతులతో ఎన్ని నెలలు గడుపుతాడో తెలిసినవాళ్లకు ఇదేమంత వింత కాదు. కొత్తవాళ్లు భయపడేది ఈ నిదానానికి కాదు. ఇంటర్నెట్ వీడియోల్లో కనిపించే వేగానికి. రంగుల గీతలు తెర మీంచి రాలుతుంటే వాటి వెంట వేళ్లు పరిగెత్తించే పద్ధతిలో స్వరాల చోటు తెలుస్తుందేమో గానీ, వాటి మధ్య ఖాళీ ఎంతో తెలియదు. బూగీ వూగీ అంతా ఆ ఖాళీలోనే ఉంది.

మన ఇళ్లలో, ప్రార్థనా మందిరాల్లో, ఆర్కెస్ట్రాల్లో ఉన్న వాయిద్యాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ అయినా విశాఖ అయినా చాలామంది చేతిలో ఉండేది 61 మెట్ల కీబోర్డు. దాంట్లో ఒక స్టైల్ ఎంచుకుని ఎడమచేత్తో మూడు మెట్లు నొక్కి పట్టుకుంటే డ్రమ్సూ బాసూ యంత్రమే వాయించేస్తుంది. పాట పాడేవాళ్లకు అది గొప్ప సౌకర్యమే. నేర్చుకునేవాళ్లకు మాత్రం అది చేసే నష్టం చిన్నది కాదు. ఏళ్ల తరబడి వాయించి, కుడిచెయ్యి చకచకా పరిగెత్తుతున్నా, యంత్రం ఆపేస్తే నాలుగు బార్లు నిలకడగా నడపలేని ఎడమచేతులు తయారవుతున్నాయి. బరువు మెట్ల పియానో లేదని బాధపడనక్కర్లేదు, ఎడమచేతి వరసకు 61 మెట్లూ చాలు. ఆ ఆటో అకంపనిమెంట్ మీట ఆపితే చాలు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీటను కూడా కొన్నాళ్లు పక్కన పెట్టి, 'సి'లో వచ్చిన వరసను 'జి'లో, 'ఎఫ్'లో చేత్తోనే వెతుక్కోవాలి.

నొటేషన్ చదవడం వెనకబడిపోతుందన్నది గురువుల అసలు బెంగ. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం లాంటి లండన్ పరీక్షల కోసం పిల్లల్ని తయారుచేసేవాళ్లకు ఈ బెంగ ఉండటం సహజం. దీనికి జాజ్ పియానిస్టు మేరీ లూ విలియమ్స్ జీవితమే జవాబు. ఆమె తల్లికి కీబోర్డు వాయించడం వచ్చు. కాగితం లేకపోతే తాను వాయించలేకపోతున్నానని గ్రహించిన తల్లి, కూతురికి మాస్టారిని పెట్టడానికి ఒప్పుకోలేదు. మేరీ లూ చెవితోనే ఎదిగి, ఆండీ కర్క్ బృందంలో చేరాక స్వరలిపి నేర్చుకుంది. తర్వాత బెనీ గుడ్‌మన్ బృందం కోసం బూగీ వూగీ నడకతో 'రోల్ ఎమ్' రాసింది, 1945లో 'జోడియాక్ సూట్' రాసింది. చెవి ముందు వస్తే రాత ఆగిపోదనడానికి ఇంతకంటే ఏం కావాలి? మనకు ఇది కొత్తా కాదు. సరళీ వరసలు గురువు పాడితే విని పట్టుకోవడమే మన పద్ధతి, పుస్తకం ఆ తర్వాత చేతికొస్తుంది. అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. రెండేళ్లు గడిచినా కాగితం ముట్టనివాళ్లకు ముందుముందు చాలా తలుపులు మూసుకుపోతాయి. వృత్తిగా తీసుకోదలచిన పిల్లలకు ఆర్నెల్ల తర్వాతైనా చదవడం మొదలుపెట్టాలి. నేనంటున్నది వరస మార్చమని, వదిలేయమని కాదు.

ఎప్పుడూ అవే 12 బార్లు, విసుగు పుట్టదా అనేవాళ్లున్నారు. యాన్సీ ఏ శ్రుతిలో మొదలుపెట్టినా 'ఈ ఫ్లాట్' శ్రుతిలోనే ముగించేవాడు. అంత ఇరుకైన హద్దుల్లో ఉండి కూడా ఆయన రెండు రికార్డులు ఒకేలా వినిపించవు. హద్దులు తెలిసిన చోటే కొత్తవాళ్లకు సొంతంగా అల్లే ధైర్యం వస్తుంది. మూడు స్వరాల ముక్క ఒకటి తోస్తే దాన్ని 12 బార్లలో ఎక్కడ పెట్టాలో వాళ్లే తేల్చుకోగలరు. గ్రేడ్ చదువులో ఆ అవకాశం రావడానికి ఏళ్లు పడుతుంది. బూగీ వూగీ నేర్పనివి ఉన్నాయి: పొడుగైన రాగాన్ని తెగకుండా లాగడం, పెడల్‌ను సున్నితంగా వాడటం, బాఖ్‌లో లాగా రెండు గొంతులను సమానంగా పలికించడం. అవి వేరే చోట నేర్చుకోవలసిందే. ఒంటి నొప్పుల హెచ్చరికను మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. ఒకే కదలిక వందలసార్లు చేసే బాణీ ఇది. మణికట్టు బిగిస్తే ముంజేయి త్వరలోనే మొండికేస్తుంది. ఆక్టేవ్ (స నుంచి పై స దాకా) అందని చేతులు ఒంటి స్వరాల వరసే వాయించాలి, నొప్పి మొదలైతే ఆ పూటకు ఆపేయాలి. వేగం తగ్గించమనడానికి ఇదీ ఒక కారణం.

ఇది మనది కాదు కదా అనే మాట మిగిలింది. ఐరోపా వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితార్ మన కచేరీలోకి తెచ్చారు, విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు దాన్ని తెలుగువాళ్ల గర్వం చేశారు, హార్మోనియం మన పద్యనాటకానికి ప్రాణమైంది. కానీ ఈ ఉదాహరణలు పూర్తి జవాబు కావు. అక్కడ మనం వాయిద్యం తెచ్చుకుని మన సంగీతం వాయించాం. ఇక్కడ వేరొకరి సంగీతంలోకే మనం వెళ్తున్నాం, అదీ తమ శ్రమకు తగిన కూలీ, తమ కళకు తగిన పేరు దక్కని మనుషుల సంగీతంలోకి. కాబట్టి అతిథిగా వెళ్లే మర్యాద ఉండాలి. స్వరాలు నేర్పే గురువు పైన్‌టాప్ పేరు, యాన్సీ పేరు కూడా నేర్పాలి, వాళ్ల రికార్డులు వినిపించాలి. ఆమన్స్ మెరుపు వేగం కంటే ముందు యాన్సీ నిదానం వినిపించాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అందుకోగలిగేది అదే. ఇంకొకటి, ఈ సంగీతం తన పుట్టింట్లో ఎలా తూగిందో ఇక్కడా అలాగే తూగాలి. విద్యార్థి ఎన్ని హంగులు నేర్చాడు, ఎంత వేగంగా వాయించాడు అని కాకుండా, అతను వాయిస్తుంటే గదిలో ఉన్న ఇంకో మనిషి ఎక్కడా తడుముకోకుండా చప్పట్లతో తాళం వేయగలుగుతున్నాడా అని గురువు చూడాలి. కుడిచెయ్యి ఒక స్వరం తప్పినా, ఒక బారు మొత్తం ఖాళీగా వదిలేసినా, ఆ చప్పట్లు ఆగకపోతే విద్యార్థిని తర్వాతి పాఠానికి పంపవచ్చు.