తూర్పు తిరిగి దణ్ణం పెట్టకముందే

మనవాళ్లు ఇల్లు చూడబోయారంటే మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో నేను చెప్పక్కర్లేదు. "సింహద్వారం ఎటండీ?" విజయవాడలో అడిగితే అర్థముంది, గుడివాడలో అడిగినా అర్థముంది. అదే ప్రశ్న సప్తసముద్రాలు దాటి, ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు కప్పుకుని పడుకునే మిన్నెసోటాలో అడిగి, జవాబు విని తృప్తిపడి, ముప్పయ్యేళ్ల అప్పు మీద సంతకం పెట్టి వచ్చేవాళ్లని చూస్తే నాకు నవ్వు రాదు. కోపం వస్తుంది. ఆ కోపంతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మీ అమ్మాయో, ఆడపడుచో చలిదేశంలో ఇల్లు కొనే ప్రయత్నంలో ఉంటే ఈ పేజీ ఫోటో తీసి పంపండి. తిట్టుకుంటే నన్ను తిట్టుకుంటారు, మిమ్మల్ని కాదు.

నాకెందుకింత బాధంటే, ఆ కొన్నవాళ్లు మావాళ్లే గనక.

మా చెల్లెలూ, మరిదిగారూ 2021 జూన్‌లో మిన్నియాపొలిస్ శివార్లలో ఇల్లు కొన్నారు. ఆ యేడు అక్కడ ఇళ్లకోసం జనం సంక్రాంతి రైలు టిక్కెట్లకి ఎగబడ్డట్టు ఎగబడ్డారు. అడిగిన ధరకి పైన పాడి, "ఇల్లు పరీక్ష చేయించమని కూడా అడగం" అని కాగితం రాసిచ్చి మరీ కొనుక్కున్నారు చాలామంది. మావాళ్లూ ఆ బాపతే. అదే వీధిలో, అదే వారంలో, ఎదురు వరసలో ఇంకో ఇల్లు కూడా అమ్మకానికొచ్చింది. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. ఇటువైపుది ఉత్తరముఖం, అటువైపుది దక్షిణముఖం. ఇక్కడినుంచి ఒక వాస్తు పండితుడు ఫోనులో ప్లాను చూసి, ఉత్తరం కుబేరస్థానం, దక్షిణం యముడి దిక్కు అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ రెండు ముక్కలకీ వేరువేరుగా ఫీజు పుచ్చుకున్నారని మా చెల్లెలు ఉక్రోషం, అది వేరే సంగతి.

జూన్ నెలలో ఆ ఊరు చూస్తే ఎవరైనా ఇల్లు కొంటారు. పచ్చగడ్డీ, చెరువులూ, రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురూ! ఇల్లు కూడా పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా ముస్తాబై ఉంటుంది. గోడలకి కొత్త రంగు, గదికో పూలకుండీ. చలికాలం వచ్చేదాకా అసలు గుణం బయటపడదు.

నేను ఆర్ట్స్ చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. అయినా ఈ లెక్కొకటి నాకే అర్థమైంది గనక మీకూ అవుతుంది. డిసెంబరు నెలాఖరులో విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నేలకి 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మిన్నియాపొలిస్‌లో 22 డిగ్రీలైనా దాటడు. దక్షిణాన్ని పట్టుకుని, గోడ చాటు ముసలాయనలా వంగి నడిచి వెళ్లిపోతాడు. అంటే ఉత్తరముఖం ఇంటికి ఎదటి వాకిలి మీద చలికాలమంతా ఆ ఇంటి నీడే పడి ఉంటుంది. అమెరికాలో కారు షెడ్డు వీధివైపే ఉంటుంది గనక కారు దారీ ఆ నీడలోనే. పడిన మంచు కరగదు. కాస్త కరిగిందా, రాత్రికి గడ్డకట్టి అద్దమవుతుంది. ఎదురింటివాళ్ల దక్షిణముఖం వాకిలి ఎండ కాసిన రోజున మధ్యాహ్నానికల్లా పొడిపొడిగా నల్లగా కనిపిస్తూ ఉంటుంది. యముడి దిక్కున వాళ్లు హాయిగా చెప్పులీడ్చుకుంటూ చెత్తడబ్బా బయట పెట్టి వస్తారు. మా కుబేరస్థానంలో మా చెల్లెలు మొదటి జనవరిలోనే జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరువారాలు కట్టు.

వాస్తుని నేను తిట్టడం లేదు. నేనుంటున్నదీ వాస్తు చూసి కట్టిన ఇల్లే, మా మామగారి పట్టుదల. మన ఎండకి దక్షిణం, పడమర గోడలు కాలిపోతాయి గనక పెద్దవాళ్లు వాటికి వెనుదిరిగి కూర్చున్నారు, సబబే. ఎండకోసం మొహం వాచిపోయిన దేశంలో కూడా ఎండకి వీపు పెట్టి కూర్చోమంటే ఏం న్యాయమండీ? అక్కడ ఇల్లు చూసేటప్పుడు "సింహద్వారం ఎటు" అని కాదు, "జనవరిలో ఎండ ఏ గదిలో పడుతుంది, వాకిట్లో మంచు ఎవరు ఎత్తుతారు" అని అడగాలి. ఊళ్లో నియమాలు కూడా ఉంటాయి. మిన్నియాపొలిస్ నగరంలోనైతే మంచు ఆగిన ఇరవైనాలుగు గంటల్లోగా ఇంటిముందు కాలిబాట ఇంటివాళ్లే శుభ్రం చేయాలి. ఆ పారతో ఎత్తేది ఎవరో ముందే తేల్చుకోవడం కాపురానికి మంచిది.

ఇక వంటిల్లు. నల్లగ్రానైటు గట్టు చూసి మా చెల్లెలు మురిసిపోయిందిట. పొయ్యి నెత్తిన మైక్రోవేవ్ ఉంది, దాని కిందే ఫ్యానుంది, మీట నొక్కితే బుయ్యిమంటుంది. "చిమ్నీ కూడా ఉందక్కా" అని నాకు వీడియోలో చూపించింది. ఆ గాలి గొట్టం గుండా ఇంటి బయటికి పోతుందా, లేక పైనున్న కన్నంలోంచి తిరిగి మన మొహానికే కొడుతుందా అని అడగాలని ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు. అక్కడ చాలా ఇళ్లలో రెండోరకమే. మనవాళ్లు అయిదు నెలలు కిటికీ తెరవలేని ఇంట్లో ఎండుమిరపకాయల తాలింపు పెట్టారనుకోండి, ఆ ఘాటు మేడమీది పడగ్గది దాకా పోయి కూర్చుంటుంది. పొగ పసిగట్టే యంత్రం కెవ్వుమంటుంది. ఆవిరేమో కిటికీ అద్దాల మీద చెమటై కారి, కిందిచెక్క నల్లగా బూజు పడుతుంది. నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో తాలింపే మానేశారు! తాలింపు లేని పప్పు మూడువారాలు తిన్నాను. కోపం రాదుటండీ?

మేం వెళ్లింది 2022 డిసెంబరులో, అమ్మా నేనూ. క్రిస్‌మస్ ముందు సున్నాకి కింద ఇరవై డిగ్రీలు దాటిన చలి. అమ్మకి ప్రత్యేకంగా ఒక గది సిద్ధం చేశారు. పెద్దది, విశాలమైన కిటికీ, స్నానాలగది పక్కనే. పాపం, ఆ ఇంట్లో మంచి గదే ఆవిడకిచ్చారు. ఆ గది కారు షెడ్డు మీద ఉంది. షెడ్డులో వేడి ఉండదు, దాని కప్పే ఈ గదికి నేల. వేడిగాలి పుట్టే కొలిమి ఇంటికి ఆ చివర నేలమాళిగలో ఉంటే, ఈ గది ఈ చివర. గాలి ఇక్కడికి చేరేసరికి చల్లారిన కాఫీ. హాలులో 70 ఫారెన్‌హీట్ అని గోడమీద అంకె చూపిస్తోంది, మా మరిదిగారు ఆ అంకె చూసి నిశ్చింతగా ఉన్నారు. అమ్మ రెండు మేజోళ్లు వేసుకుని, దుప్పటి మీద దుప్పటి కప్పుకుని, మోకాళ్లు గడ్డానికానించి ముడుచుకు పడుకునేది.

"చలేస్తోందా అమ్మా?" అంటే, "మాఘమాసంలో తెల్లవారుజామున కృష్ణలో మునిగినదాన్ని, నాకేం చలే" అనేది. అల్లుడిల్లు కదా. ఒకరోజు పొద్దున్నే నేను కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తే అద్దానికి మంచు పట్టి ఉంది. బయట కాదు, లోపల.

ఆ పూటనే నేను మరిదిగారిని అడిగాను, "కొనేముందు ఈ గదిలో ఒక్క అరగంట కూర్చుని చూశారా?" అని. ఆయన నెమ్మదస్థులు. "జూన్‌లో చూశాం కదండీ వదినగారూ, అప్పుడు ఏసీ వేసుంది" అన్నారు. మరి ఇల్లు చూపించిన ఏజెంటు? ఆయనకి ముట్టేది అమ్మకం అయితేనే. గ్రానైటు చూపించి, స్కూళ్ల గొప్ప చెప్పి, చదరపుటడుగు లెక్క మగవాళ్లతో మాట్లాడి, మా చెల్లెలు "బిల్లెంతొస్తుందండీ చలికాలంలో?" అంటే "అదేమంత ఉండదమ్మా" అని నవ్వేశారుట. ఆ నవ్వుతో ఆవిడ నోరు మూతపడింది. అక్కడ నోరు మూసుకోకూడదని నేనంటాను. ఉద్యోగం చేసినా చెయ్యకపోయినా, ఆ ఇంట్లో పిల్లలకి దగ్గొచ్చినా, పెద్దలకి చలేసినా రాత్రిపూట లేచేది ఎవరు? ఇంటి గురించి తెలివితక్కువ ప్రశ్న అంటూ ఒకటి ఉండదు, మనచేత అనిపిస్తారంతే.

బిల్లు ఎంత అని నోటిమాటగా కాదు, గడిచిన రెండు చలికాలాల గ్యాసు, కరెంటు బిల్లులు కాగితాలు చూపించమనండి. అందులోనూ ఒక మెలిక ఉంది. కొంతమంది ఏడాది ఖర్చుని పన్నెండు నెలలకీ సమానంగా పంచి కట్టే పద్ధతిలో ఉంటారు. ఆ అంకె చూసి మోసపోకండి, జనవరిలో నిజంగా ఎంత గ్యాసు కాలిందో చూడండి. కొలిమి వయసడగండి. పదిహేను, ఇరవై ఏళ్లు వస్తుంది సాధారణంగా. పద్దెనిమిదేళ్లదైతే మరుసటి యేడు కొత్తది మీ నెత్తినే.

చూరుకి వేలాడే మంచుకడ్డీలు చూసి మనవాళ్లు ఫోటోలు దిగుతారు. అవి అందం కాదమ్మా, జబ్బు లక్షణం. అటకలో దూది పరుపులు సరిగ్గా లేక ఇంట్లోని వేడి పైకి పోతే, కప్పుమీది మంచు కరిగి చూరుదాకా జారి అక్కడ గడ్డకట్టి ఆనకట్ట కడుతుంది. వెనకొచ్చే నీళ్లు పెంకుల కిందకి దూరి గోడల్లోకి దిగుతాయి. అందుకే వేసవిలో ఇల్లు చూసేవాళ్లు తలెత్తి పైకప్పు మూలలు చూడాలి. గది మొత్తానికి పాతరంగు ఉండి ఒక్క మూలకే కొత్తరంగుంటే ఎందుకని అడగాలి.

నేలమాళిగలో పిల్లల ఆటగది పెడతారు గనక రేడాన్ సంగతి కూడా. మట్టిలోని యురేనియం నుంచి పుట్టే వాయువు, రంగూ వాసనా ఉండవు. సిగరెట్ల తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుకి పెద్ద కారణం అదే. కొలిచినప్పుడు 4 పికోక్యూరీలు వచ్చినా, దాటినా బాగు చేయించమంటుంది అక్కడి ప్రభుత్వం. మిన్నెసోటాలో 2014 నుంచి అమ్మేవాళ్లు తమకి తెలిసింది కాగితం మీద చెప్పి తీరాలి. కానీ ఎప్పుడూ కొలిపించనివాడికి తెలిసేదేముంటుంది? కొలిపించారా అని అడగండి, లేదంటే మీరే కొలిపించండి.

"మేముండేది డాలస్, మాకీ గొడవ లేదు" అనేవాళ్లకి ఒక్కమాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచు తుఫానుకి 45 లక్షల పైచిలుకు ఇళ్లకి కరెంటు పోయింది. ఎన్నో ఇళ్లలో గొట్టాలు పగిలి, పైనుంచి నీళ్లు పడ్డాయి. 246 మంది పోయారని ఆ రాష్ట్రమే లెక్క చెప్పింది. నీళ్లగొట్టాలు బయటిగోడలో ఉన్నాయా, లోపలిగోడలోనా, మొత్తం నీళ్లు కట్టేసే మీట ఎక్కడుంది అని అక్కడా అడగాలి.

మా మరిదిగారు మంచివారు గనక విన్నారు. కిందటేడు వేసవిలో షెడ్డు కప్పుకి దట్టంగా దూది పట్టించారు, చిమ్నీకి గోడలోంచి బయటికి గొట్టం తీయించారు. ముందే అడిగి ఉంటే ధరలో తగ్గించుకునే డబ్బు, ఇప్పుడు చేతినుంచి పడింది. వాకిలిని మాత్రం ఎటూ తిప్పలేరు కదా, ఉప్పు చల్లుకుంటున్నారు.

మొన్న చెల్లెలు ఫోను చేసి, "అమ్మా, ఈసారి డిసెంబరుకే వచ్చెయ్, పిల్లలకి సెలవలు" అంది. జన్మలో ఎవర్నీ ఏమీ అడగని మా అమ్మ అడిగింది.

"ఏ గదే?"

అటువైపునుంచి చెల్లెలు షెడ్డు సంగతి, దూది సంగతి, ఖర్చు సంగతి పావుగంట చెప్పింది. అమ్మ అంతా విని, "మంచిదే తల్లీ, ఆవకాయలు పెట్టేశాక వస్తాలే" అంది.