ట్రక్కుకూ కందెన కావాలి

ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ గంటలు లెక్కపెట్టి మారుస్తాం. వెనక ట్రక్కు కిర్రుకిర్రుమన్నా పట్టించుకోం. ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా మన తాతలు బండి కట్టేవారా? వడ్ల లోడు మీద కమాను పిన్ను తెగితే బండి బోల్తా కొట్టొచ్చు.

ఈ పనికి షెడ్డుకు పోనక్కర్లేదు. ఖాళీ ట్రక్కును చదును నేల మీద జాకీతో లేపి, కింద గట్టి దిమ్మెలు పెట్టండి. ఉత్త జాకీని నమ్మి కిందికి దూరొద్దు. పిన్నుల మీద బరువు లేనప్పుడే గ్రీజు చుట్టూ పాకుతుంది. నిప్పిల్ తుడిచి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చేదాకా గన్ను కొట్టండి. పిన్నులు, బుష్షులు అరిగితే ఈసారి గ్రీజు రంధ్రమున్నవే వేయించండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే బేరింగు చూపించాల్సిందే.

కోతలకు ముందు ఒక్క పూట చాలు. గ్రీజు డబ్బా ఖర్చని వెనకాడేవాళ్లు యాక్సిల్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.