రిబ్బన్ పువ్వుకు పేరుండదా?

మొన్న ఒక గృహప్రవేశానికి కొన్న గోడగడియారానికి రంగు కాగితం చుట్టి, పైన రిబ్బన్ పువ్వు కట్టింది నేను. చీటీ మీద పేరు మా ఆయనది. పక్కన 'అండ్ ఫ్యామిలీ'. ఆ ఫ్యామిలీని నేనే, అలా రాసిందీ నేనే. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పాపం, ఆవిడ మర్చిపోయింది. నాకు నా పేరు గుర్తుండగానే ఇలా రాశాను. నాది ఇంకా అన్యాయం.

ఈ పువ్వు సంగతి ఎత్తితే మన సభల్లోనే నవ్వుతారు. ఆమధ్య ఒక సదస్సుకి జ్ఞాపికలన్నీ చుట్టి, ముందురోజు రాత్రి పది దాటేదాకా పువ్వులు కట్టింది ముగ్గురు పరిశోధక విద్యార్థినులు. అదే సాయంత్రం వాళ్ల తోటి అబ్బాయిలు స్టేషనుకెళ్లి అతిథుల్ని తీసుకొచ్చారు, దారిపొడుగునా వాళ్లతో సాహిత్యం మాట్లాడారు. ఆ పరిచయం రేపు ఒక పీఠికగానో ఉద్యోగంగానో పనికొస్తుంది. పువ్వు చూసి ఎవరూ సిఫారసు ఉత్తరం రాయరు. మర్నాడు వందన సమర్పణలో మైకుకీ భోజనానికీ కృతజ్ఞతలు చెప్పారు గానీ ఈ ముగ్గురి పేర్లూ రాలేదు. నేనడిగితే, స్త్రీవాదం మీద మంచి వ్యాసాలు రాసిన మిత్రురాలే "రిబ్బన్లు కూడా సమస్యేనా?" అంది.

సమస్యే. ఆ పువ్వు ఎలా అవుతుందో ఒకసారి చూద్దాం. మీటరున్నర శాటిన్ రిబ్బన్ అరచేతికి ఎనిమిది చుట్లు చుట్టాలి. తీసి, అదిమి, నడిమధ్య అటూ ఇటూ చిన్న గాటు పెట్టాలి. గాటు లోతైతే మొత్తం తెగుతుంది. అక్కడ దారంతో బిగించి, లోపలినుంచి ఒక్కో మడతా పైకి లాగి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ మెలితిప్పాలి. కొసలు పోగులు లేవకుండా కొవ్వొత్తి మంటకి చూపించాలి. వేలు కాలుతుంది. ఈ వేళ్లు ఎక్కడ తయారయ్యాయి? రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకోకపోతే బడిలో అసెంబ్లీ బయట నిలబెట్టిన రోజుల్లో. మేం అద్దం ముందు ఆ కుచ్చులతో కుస్తీ పడుతుంటే తమ్ముడు లెక్కలు చూసుకునేవాడు. పదేళ్లపాటు రోజూ చేసిన సాధనకి చివరికి దక్కిన పేరు 'ఆడవాళ్ల చేతికి సహజంగా వచ్చే నేర్పు'. సహజంగా వచ్చినదానికి కూలెందుకు?

ఈ తర్కం మనకి తెలియంది కాదు. నర్సాపురం లేసు పని మీద మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం చెప్పింది సరిగ్గా ఇదే. అల్లేవాళ్లని గృహిణులన్నారు, అల్లికని తీరికవేళ వ్యాపకమన్నారు. దాంతో గోదావరి ఒడ్డు ఆడవాళ్ల శ్రమ ప్రపంచ మార్కెట్టుకి కారుచౌకగా దొరికింది. ఎగుమతి వ్యాపారం మాత్రం మగవాళ్లది. ఇప్పుడు ఏ గిఫ్టు షాపుకైనా వెళ్లండి. 'ప్యాకింగ్ ఉచితం' అని అట్ట వేలాడుతుంటుంది. పెళ్లిళ్ల రోజుల్లో పొద్దుగూకేదాకా కౌంటరు వెనక నిలబడి కాగితాలు మడిచే అమ్మాయి కాళ్లకి అది ఉచితమేనా?

ఇంట్లో సంగతి వేరు కదా, అక్కడ ప్రేమతో చేస్తాం కదా అంటారు. అమెరికాలో మికేలా డి లియొనార్డో 1987లో ఇటాలియన్ అమెరికన్ కుటుంబాల మీద ఒక వ్యాసం రాసింది. పండక్కి కార్డులు పంపడం, కానుకలు కొనడం, ఫోన్లు చెయ్యడం, వీటన్నిటినీ ఆవిడ చుట్టరికాల చాకిరీగా గుర్తించింది. తల్లి పోయినా, విడాకులైనా ఆ పని చాలాచోట్ల అక్కడితో ఆగిపోయేదట. మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. నాకు అనుమానం, ఆ 299లో పువ్వు లేదని. లెక్క రాసుకునే మనిషి వచ్చి "ఆ గంటలో ఏం చేశారు?" అంటే మనమే "టీవీ చూస్తూ కూర్చున్నా" అంటాం.

నాకు ఆ పని ఇష్టమే, దాచుకోను. ఆఖరి మడత తిప్పగానే అది ఒక్కసారిగా విచ్చుకుంటుంది చూడండి, అప్పుడు భలే సంతోషం. అయితే ఇష్టమైనంత మాత్రాన పని పని కాకుండా పోతుందా? గాయకుడికి పాట ఇష్టమే, కచేరీకి డబ్బు పుచ్చుకోవడం లేదూ? స్త్రీల పేజీల్లో 'తీరికవేళ అందమైన పువ్వు' అని నేర్పేవాళ్లూ, 'ఇంకా ఈ రిబ్బన్లేంటి' అని నవ్వే మన విదుషీమణులూ ఒక్క విషయంలో ఏకీభవిస్తున్నారు: అది పని కాదని. నా పోట్లాట ఇద్దరితోనూ.

పోయిన వారం ఒక పెళ్లికి వెళ్లాం. చీటీ మీద మొదట నా పేరు రాసి, తర్వాత మా ఆయన పేరు రాశాను. చదివింపుల పుస్తకం ముందేసుకుని కూర్చున్న పెద్దాయన చీటీ చూసి, కళ్లజోడు సవరించుకుని, "సార్ పేరేంటమ్మా?" అన్నాడు. నా పేరు మళ్లీ చెప్పాను. రాసుకున్నాడు. పక్కన బ్రాకెట్లో సార్ పేరూ రాసి, కింద గీత గీశాడు.