తార బొమ్మ ఎవరి సరకు?

పాత సినిమా తారల నలుపు తెలుపు ఫోటోలు చూసి, “కళ అంటే ఇదీ! ఇందులో వర్గమేమిటి, దోపిడీ ఏమిటి?” అనే మిత్రులు మనలోనూ వున్నారు. ఆ బొమ్మ ఎట్లా తయారయిందో ముందు చూడమని వారికి నా మనవి.

లూసిల్ లెస్యూర్ పేదపిల్ల. తల్లి లాండ్రీలో పనిచేసేది. హాలీవుడ్‌లో మెట్రో గోల్డ్విన్ మేయర్ కంపెనీ ఆ పిల్లను తీసుకుని, 1925లో పత్రికలో పోటీ పెట్టించి, జోన్ క్రాఫర్డ్ అని పేరు మార్చింది. 1930లో ఆ కంపెనీలో చేరిన ఛాయాగ్రాహకుడు జార్జి హరెల్ దూలానికి దీపం కట్టి, పైనుంచి వెలుగు దించి ఆమెను దేవతను చేశాడు. ముఖంమీది మచ్చలను నెగెటివుపై పెన్సిలుతో మాయం చేశారు. హరెల్ నేర్పరి, కాదనను. కాని ఆ నేర్పు ఎవరి కొలువులో వున్నది? పేరు పెట్టింది కంపెనీ, ముఖం దిద్దింది కంపెనీ, బొమ్మను అమ్ముకున్నది కంపెనీ. ఆమెకు దక్కింది జీతం. పెద్ద జీతమే కావచ్చు. అంతమాత్రాన సరకు సరకు కాకపోదు.

మన సంగతి? 1938లో గూడవల్లి రామబ్రహ్మం అంటరానితనం మీద ‘మాలపిల్ల’ తీశాడు. తెలుగు సినిమాకు అది గర్వకారణం. అందులోని కాంచనమాల బొమ్మ కేలండర్లకెక్కింది. కేలండరులో మాలపల్లె లేదు, అందమొక్కటే మిగిలింది. ‘బాలనాగమ్మ’ (1942) తర్వాత ఆ తార కనుమరుగయింది. మళ్ళీ 1963లో ‘నర్తనశాల’లో చిన్న వేషం. బొమ్మలమ్మినవారు లాభం చూసుకున్నారు. మనిషి గతి విచారించినవారెవరు?

అట్లాగని, ఆడవాళ్ళ ఫోటోలే లోకాన్ని చెడగొట్టాయనే నీతివాదులతో నాకు పొత్తు లేదు. వారు కూలికి నిలిచినదాన్ని తిట్టి, యజమానిని వదిలేస్తారు.

మా వజ్రపుకొత్తూరు తీరాన ఉప్పుగాలికి కమిలిన ముఖంతో చేపలగంప మోసే స్త్రీని చూడండి. పలాసలో జీడిపిక్కలు ఒలిచి, సొనతో వేళ్ళు నల్లబడిన స్త్రీని చూడండి. స్టూడియో పెన్సిలు చెరిపేది సరిగ్గా ఇటువంటి గుర్తులనే. నేడు ఆ పెన్సిలు ప్రతి ఫోనులోనూ దూరింది. తల్లి ఇచ్చిన రంగును మన పిల్లలు తమ ముఖాలమీద తామే చెరుపుకుంటున్నారు. అసలు నష్టం ఇది.

ఈ ఉద్దానపు నేలమీదనే, మందస జమీందారీతో రైతులు తలపడిన రోజుల్లో, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో వీరగున్నమ్మ పోలీసు కాల్పులకు బలి అయింది. ఆమెను ఏ కంపెనీ తీర్చిదిద్దలేదు. అయినా ప్రజలు మరవలేదు. అందానికి మన కొలబద్ద ఇక్కడ వుండాలి.

విద్యార్థి మిత్రులారా, ఉపాధ్యాయులారా! తారల ఫోటోలను తగలబెట్టమనటం లేదు. తరగతిలో పెట్టి, ఈ దీపం ఎవరు పట్టారు, ఎవరి లాభానికి పట్టారు, ఏం చెరిపారు అని ప్రశ్నించండి. తర్వాత మీ కెమేరాలను చేపలరేవు వైపు, జీడి ఫ్యాక్టరీల వైపు తిప్పండి. ఒక్క మచ్చ చెరపకుండా తీయండి.