కొండ అవతలికి వినిపించే గొంతు

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇప్పుడు సినిమా, వార్త, క్రికెట్ అన్నీ అరచేతిలోనే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవక చేసింది. 2017 డిసెంబరు 27న మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఇస్తామంది. ప్రసార భారతి సైతం 2024 నవంబరులో వేవ్స్ పేరుతో ఓటీటీ తెచ్చింది. పొద్దున 6.45కి ప్రాంతీయ వార్తల కోసం రేడియో చెవి మెలిపెట్టే పని తప్పింది. మంచిదే. హైదరాబాద్ స్టూడియోలు తొంగిచూడని మెట్ట ప్రాంతం నీటి గోడును ఆత్మకూరు కుర్రాడు ఒక్క ఫోనుతో లోకానికి చూపించగలగడం చిన్న సంగతేమీ కాదు. చిక్కల్లా, ఇంత సౌకర్యం చూసి ఇక పాత ప్రసారాలు దండగ అనుకోవడంలో ఉంది. దూరదర్శన్ భూతల ట్రాన్స్‌మిటర్లు ఇప్పటికే చాలావరకు మూతపడ్డాయి. రేడియోకూ అదే గతి పట్టనివ్వకూడదు.

రేడియో వాన లాంటిది, ఇంటర్నెట్ కుళాయి లాంటిది. పది మంది విన్నా పది వేల మంది విన్నా ట్రాన్స్‌మిటర్‌కు ఖర్చు ఒకటే. ఇంటర్నెట్‌లో అలా కాదు, చూసే ప్రతి మనిషికీ విడిగా ఒక ధార పంపాలి. అందరూ ఒక్కసారే ఫోను తెరిచేది ఆపదలోనే, టవరు ఉక్కిరిబిక్కిరయ్యేదీ అప్పుడే. కరెంటు పోతే దాని బ్యాటరీ ఎంతసేపని నిలుస్తుంది? ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తాయి, స్తంభం కూలితే వెలుగూ వార్తా కలిసే పోతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలోనే సెల్‌ఫోన్లు మూగబోయాయి. పైగా ఇక్కడ కొండలు అడ్డం. సెల్ సిగ్నలైనా ఎఫ్.ఎం. అయినా కొండ దగ్గర ఆగిపోతుంది. మీడియం వేవ్ మాత్రం నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పాకుతుంది. అలా కొండ దాటి వచ్చే గొంతు కావాలంటే, 1963లో మొదలైన కడప ఆకాశవాణి వెలిగొండలకు అవతలే ఉంది.

ఇప్పుడు రేడియో ఎవరింట్లో ఉందని అడగొచ్చు. నిజమే, అటకెక్కింది. కానీ కొండ అడ్డం లేని చోటైనా పనికొచ్చే ఎఫ్.ఎం. చిప్ చాలా ఫోన్లలో ఉంటుంది, కంపెనీలే దాన్ని నిద్రపుచ్చుతున్నాయి. అలా చేయవద్దని 2023లో కేంద్రం సలహా కూడా ఇచ్చింది. ఫోనుకే తుపాను హెచ్చరికలు మోగుతున్నాయి కదా అనేది ఇంకో మాట. ఆ మోత కూడా ఒకేచోటి నుంచి అందరికీ ఒకేసారి వదిలే పాత ప్రసార పద్ధతే, కాకపోతే టవరు బతికుండాలి. ఇక శ్రోతలు లేని కేంద్రాలకు కోట్లెందుకన్న లెక్క ఉంది. సోమశిల ఆనకట్ట గేట్లను రోజూ ఎత్తరు, అలాగని ఊడబీకి అమ్ముకోరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన జిల్లాకు ఆ గేట్ల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే ఆకాశవాణి మెట్ట రైతుకు రోజూ ఒక గంట కేటాయించాలి, అదే కార్యక్రమాన్ని యూట్యూబ్‌లోనూ పెట్టాలి. మనవైపు నుంచి చేయగలిగింది ఒకటుంది: ఈసారి ఫోను కొనేటప్పుడు అందులో ఎఫ్.ఎం. పనిచేస్తుందో లేదో దుకాణంలోనే అడగండి.